అమ్మవారి కంట్లో నలుసు

ఆ దీపాన్ని బిగించింది నేనే. ఈ మాట చివరికి దాచుకుంటే మధ్యలో ఎక్కడో నన్ను నేను వెనకేసుకొస్తానని భయం. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

కొల్లేట్లో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది నా పని పోయింది. అంతకుముందు ఆకివీడు చుట్టుపక్కల చెరువుల మీద మోటార్లు బాగుచేసుకుంటూ బతికేవాణ్ణి. గట్టు లేకపోతే చెరువు లేదు, చెరువు లేకపోతే మోటారు లేదు. సంచిలో నాలుగు జతల బట్టలూ, ఐటీఐ సర్టిఫికెట్టూ పెట్టుకుని తాడేపల్లిగూడెం చేరాను. ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా పెట్టుకున్నారు. బియ్యం మిల్లులకి ప్లాస్టిక్ సంచులు నేసే ఫ్యాక్టరీ అది. ఒక షెడ్డులో మగ్గాలు, దాన్ని ఆనుకునే రెండో షెడ్డులో సంచి మూతికి కుట్టే లేబుళ్ళు ప్రింటు చేసే మిషను. మగ్గాల హోరు రెండు షెడ్లలోనూ ఒకేలా ఉండేది. పక్కనున్న మనిషికి మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అక్కడ మిషను నడుస్తోందో ఆగిందో చెవితో తెలుసుకోవడం ఎవరి తరమూ కాదు.

లేబుళ్ళు చూసే ఆవిడ నాకు అక్క అయింది. చుట్టరికం ఏమీ లేదు. ఆమెది కొల్లేటి లంక, నాది ఆ పక్కనే. చెరువుల మీద కూలి పోయాక కూతుర్నీ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చింది. నేను చేరిన మొదటి రోజే, "ఏ ఊరు తమ్ముడూ మీది?" అంది. చెప్పాను. "అయితే మనూరి నీళ్ళు తాగినోడివే," అని తన క్యారేజీలోంచి ఎండుచేపల పులుసు నా అన్నం మీద వేసింది. నేను వద్దన్నా వినే మనిషి కాదు. ఆ తర్వాత రోజూ వేసేది, వేసి నేను సరిగా తినడం లేదని తిట్టేది.

ఆమె పని, ప్రింటయిన లేబుళ్ళ చుట్టని ట్యూబులైటు కింద మెల్లగా తిప్పుతూ తప్పు పడినవి ఏరడం. ఎక్కువ లేబుళ్ళ మీద బొమ్మ లక్ష్మీదేవిది. అరచెయ్యంత బొమ్మ. ఒక లేబులు జారి కింద పడి కాలికి తగిలితే చాలు, వంగి, ముట్టుకుని, కళ్ళకద్దుకునేది. రోజుకి ఎన్నిసార్లు వంగేదో లెక్క లేదు.

"అలా వంగుతా ఉంటే నడుం పట్టేస్తాదక్కా," అనేవాణ్ణి.

"పట్టనీ తమ్ముడూ. అన్నం పెడుతుంది ఆవిడే కదా."

నాది చర్చికి వెళ్ళే ఇల్లు. మూడు తరాల నుంచీ అంతే. ఆ ఫ్యాక్టరీలో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నన్ను ఏమీ అనలేదు. దసరాకి మిషన్లకి పూజ చేసినప్పుడు నేను పక్కన నిలబడేవాణ్ణి, ప్రసాదం ఇస్తే తీసుకునేవాణ్ణి. ప్రింటింగ్ మేస్త్రీ మాత్రం, "మా ప్రసాదం నీకు అరుగుతుందా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వడం తప్ప ఇంకేం చేస్తాం.

ఆ మిషనుకి ఒక రోగం ఉంది. నాలుగు రంగులకి నాలుగు రోలర్లు. నల్లరంగు రోలరు వెంట్రుకవాసి పక్కకి జరిగినా అమ్మవారి కళ్ళు కళ్ళ చోట పడవు. ఒకసారి అలా కనుపాపలు చెంపల మీదకి జారిన లేబుళ్ళు లారీడు సంచులతోపాటు మిల్లుకి వెళ్ళిపోయాయి. మిల్లువాళ్ళు అపశకునమని సరుకంతా తిప్పి పంపారు. యజమాని అక్కని ఏమీ అనలేదు. ఆయన ఎవరినీ గట్టిగా అనే మనిషి కాదు. మనిషి కళ్ళు అలిసిపోతాయి, కెమెరా కన్ను అలిసిపోదు అని మాత్రం అన్నాడు. నెల తిరక్కుండానే హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఇంజనీరు అట్టపెట్టెలు పట్టుకుని దిగాడు.

పెట్టెల్లో ఒక చిన్న కెమెరా, ఒక టీవీ, మూరెడు పొడవున ఒక దీపం. ఆ రోజుల్లో ఎల్.ఇ.డి. అంటే మాకు టీవీ రిమోటు మీద మినుకుమనే ఎర్రచుక్కే. ఇందులో బియ్యపు గింజంత తెల్లదీపాలు వరసగా పొదిగి ఉన్నాయి. అంత చిన్నవి అంత వెలుగు ఇస్తాయని నేను అనుకోలేదు. ట్యూబులైటు కింద చూస్తే, నడుస్తున్న మిషను మీద బొమ్మలన్నీ కలిసిపోయి రంగుల చారలా పారుతుంటాయి. ఈ దీపం అలా నిలకడగా వెలగదు. రోలరు ఒక చుట్టు తిరిగితే ఒక్కసారి, రెప్పపాటు కూడా కాదు, వెలిగి ఆరుతుంది. ప్రతిసారీ బొమ్మ సరిగ్గా అదే చోటుకి వచ్చినప్పుడు వెలుగుతుంది. కెమెరా ఆ క్షణాన్ని పట్టుకుని, కళ్ళు కళ్ళ చోట ఉన్నాయో లేదో చూసుకుంటుంది.

నేను బిగించాను, అతను వైర్లు కలిపాడు, మేస్త్రీ మిషను నడిపాడు. దీపం వెలగగానే అమ్మవారు ఆగిపోయింది.

మిషను పూర్తి వేగంతో నడుస్తోంది, ఆ తెల్లవెలుగులో మాత్రం లక్ష్మీదేవి కదలకుండా నిలబడి ఉంది. చుట్టూ ఉన్న రోలర్లు నున్నటి ఉక్కువి, అవి తిరిగినా ఆగినా ఒకేలా కనిపిస్తాయి. బొమ్మ కొంచెం వణుకుతోంది, అంతే. "ఊపిరి తీస్తున్నట్టుందండీ," అన్నాడు మేస్త్రీ, ఎప్పుడూ లేనిది చెప్పులు విడిచి.

ఇంజనీరు నన్ను పక్కకి పిలిచాడు. ఒక నల్లటి రేకు మూత నా చేతిలో పెట్టాడు. "ఇది దీపానికీ ఈ చోటుకీ కలిపి బిగించెయ్యండి. చూడాల్సింది టీవీలోనే చూడాలి. ఈ వెలుగులో నేరుగా చూస్తే ఆగిందనుకుంటారండి. పైన రోలర్లు రెండూ కలిసేది ఇక్కడికి నాలుగు వేళ్ళ ఎడం. చెయ్యి పెట్టారంటే తిరిగి రాదు." ఆ మాట నాకొక్కడికే చెప్పాడు. మిగతావాళ్ళు అప్పటికే దణ్ణాలు పెడుతున్నారు.

మూత బిగించాను. అది రెండు రోజులు ఉంది. మూడో రోజు కొత్త మిషనుకి పూజ. మిల్లుల వాళ్ళనీ, బంధువుల్నీ పిలిచిన యజమాని నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ మూత తియ్యవయ్యా, అందరూ దర్శనం చేసుకోవాలి కదా," అన్నాడు. స్క్రూడ్రైవరు తీసి నాలుగు స్క్రూలు విప్పాను. వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పెద్దావిడ ఒకరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంత సైన్సు వచ్చి అమ్మవారిని నిలబెట్టింది చూడండి అని యజమాని పొంగిపోయాడు. సాయంత్రం మూత మళ్ళీ పెడదామనుకున్నాను. "ఉండనీవోయ్," అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మిషను దగ్గర ఒక పూలదండ, ఒక కర్పూరం హారతి. నేను దణ్ణాలు చూడలేదు, చేతులు చూసేవాణ్ణి. మొదటి వారం అందరూ బారెడు దూరంలో నిలబడి చేతులు జోడించారు. తర్వాత హారతి కళ్ళకద్దుకుని, ఆ చెయ్యే బొమ్మ వైపు చాచి మళ్ళీ కళ్ళకద్దుకోవడం మొదలైంది. అప్పుడు మూరెడు దూరం. నెల తిరిగేసరికి జానెడు. ఎవరైనా చెయ్యి చాచిన ప్రతిసారీ వేళ్ళకీ రోలర్లకీ మధ్య ఎడం కంటితో కొలుచుకునేవాణ్ణి. నాలుగు వేళ్ళ ఎడం అన్న మాట చెవిలో గింగురుమనేది. అయినా ఎవరికీ చెప్పలేదు.

ఒక సోమవారం ధైర్యం చేసి, ఎవరినీ అడక్కుండా మూత బిగించేశాను. మధ్యాహ్నం కల్లా గొడవ. "అమ్మవారికి ముసుగేస్తావేంటయ్యా?" అన్నాడు మేస్త్రీ. నవ్వు లేదు ఈసారి. "మీవాళ్ళకి పట్టదులే." మగ్గాల షెడ్డులోంచి కూడా నలుగురు వచ్చి నిలబడ్డారు. యజమాని తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. అదే మెత్తటి గొంతు. "నీ దేవుడు నీకుంటాడు బాబూ, నేనెప్పుడైనా కాదన్నానా? మా అమ్మవారి జోలికి ఎందుకు చెప్పు?"

ఇది దేవుడి సంగతి కాదండీ, మిషను సంగతండీ అని చెప్పాలి. నాలుక చివర ఉంది ఆ మాట. కొల్లేట్లో గట్ల మీంచి మోటార్లు విప్పుకుని తెచ్చుకున్న రోజు కళ్ళ ముందుకొచ్చింది. మళ్ళీ ఎక్కడికి పోవాలి? "ఆయ్, తీసేస్తానండి," అన్నాను. వెళ్ళి తీసేశాను. దాన్ని ఉద్యోగభయం అనొచ్చు, పిరికితనం అనొచ్చు. రెండో మాటే సరైంది.

మూతకి బదులు ఒక అట్టముక్క మీద 'మిషను నడుస్తున్నది, చేతులు పెట్టరాదు' అని రాసి మేకుకి కట్టాను. ఆ వచ్చిన శుక్రవారానికి ఎవరో దాని మేకుకే బంతిపూల దండ వేలాడదీశారు. అక్షరాలు పూల వెనకాల పోయాయి.

కెమెరా వచ్చాక అక్కని లేబుళ్ళు కత్తిరించి కట్టలు కట్టే పనికి మార్చారు. అయినా పొద్దున్నే వచ్చి అమ్మవారికి దణ్ణం పెట్టుకోనిదే కత్తెర పట్టేది కాదు. అందరికంటే దగ్గరగా నిలబడేది ఆమే. ఇన్నాళ్ళూ ఆ మొహంలో తప్పులు వెతికిన కళ్ళు కదా, దూరం నుంచి చూడటం ఆమెకి రాదు. ఒకరోజు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"అంత దగ్గరికి వెళ్ళకక్కా."

"ఏం తమ్ముడూ?"

మేస్త్రీ పక్కనే ఉన్నాడు. మా వైపే చూస్తున్నాడు. "ఇంకు అంటుకుంటాది," అన్నాను.

"అంటుకుంటే కడుక్కుంటాంలే," అని నవ్వి వెళ్ళిపోయింది. ఆమె కూతురికి అప్పుడు ఏడో నెల. ఆ నవ్వంతా ఆ బిడ్డ కోసమే. నేను ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పి ఉండొచ్చు. అక్కడ మేస్త్రీ ఉండడు, యజమాని ఉండడు. వెళ్ళలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. అలాంటి రేపులు ఒక పాతిక పోయాయి.

శ్రావణమాసం, శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలు అయ్యాక. పొద్దుటి నుంచి వాన. నేను నిచ్చెన ఎక్కి ఫ్యాను విప్పుతున్నాను. అక్క లేబుళ్ళ కట్టలు గోడ పక్కన పెట్టి, ఎప్పటిలాగే అమ్మవారి ముందు ఆగింది. ఆగి, మొహం ముందుకి పెట్టి చూసింది. పైనుంచి నాకూ కనబడింది. అమ్మవారి కుడికన్ను మీద తెల్లటి చుక్క. రోలరు అచ్చు మీద దూదిపోగు అంటుకుంటే అక్కడ రంగు పడదు. రోలరు తిరిగిన ప్రతిసారీ అదే చోట అదే చుక్క. ఆ వెలుగులో ఆ చుక్క కూడా కదలకుండా నిలబడింది, కంట్లో నలుసులా.

ఆమె తల ఎత్తి నా వైపు చూసి ఏదో అంది. హోరులో వినబడలేదు. పెదాలని బట్టి తెలిసింది. "అమ్మ కంట్లో నలుసు పడింది తమ్ముడూ."

తర్వాత, పిల్లల కంట్లో నలుసు పడితే మన ఆడవాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది. కొంగు చివర వేలికి చుట్టి, కొసని వత్తిలా మెలిపెట్టి, ఎడమచేత్తో మిషనుని ఆనుకుని, మెల్లగా, నొప్పి పెట్టకూడదన్నట్టు, అమ్మవారి కంటికి ఆనించింది.

నేను అరిచాను. ఎవరికి వినబడుతుంది? నిచ్చెన మీంచి దూకాను. కొంగు పైనున్న రోలర్ల మధ్యకి వెళ్ళిపోయింది, కొంగు చుట్టిన వేళ్ళు దాని వెంట వెళ్ళాయి. మేస్త్రీ పరుగున వచ్చి ఎర్ర బటను కొట్టాడు. మిషను ఆగింది. మిషను ఆగగానే దానితోపాటు వెలిగే ఆ దీపమూ ఆరిపోయింది. రోలర్లు వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశాం. చూపుడువేలూ మధ్యవేలూ సగానికి లేవు. అక్క ఏడవలేదు. బొమ్మ వైపే చూస్తోంది.

ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఖర్చంతా యజమాని పెట్టుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మర్నాటికే ఫ్యాక్టరీలో ఇంకో మాట పుట్టింది. శుక్రవారం పూట ఎండుచేపలు తిన్న చేత్తో అమ్మవారిని ముట్టుకుంది, అందుకే అయింది అని. ఎవరు మొదలెట్టారో తెలియదు. యజమాని ఆ మాటని ఖండించలేదు. మిషను తప్పు లేదని తేలితే ఆయనకీ హాయే. నాకూ హాయే, నిజం చెప్పాలంటే. ఆ రోజు ఆ పులుసు నేనూ తిన్నాను, నా వేళ్ళు పదీ ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

అందరికంటే గట్టిగా నమ్మింది అక్కే. ఆస్పత్రికి చూడటానికి వెళ్తే కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని పడుకుని ఉంది. "మిషను ఆగే ఉంది తమ్ముడూ. నా కళ్ళారా చూశాను. ఆగిన మిషను మనిషిని లాగుతుందా? ఆవిడే లాగింది," అంది. వేళ్ళు పోయినందుకు ఆమెకి దిగులు లేదు. "నన్ను కొట్టింది, సరే. కోపం తీరిందో లేదో. పిల్ల కడుపుతో ఉంది. ఆ బిడ్డ మీదకి పోతుందేమోనని భయంగా ఉంది."

చేపలు మానేసింది. ఒంటిపూట తింటోందని కూతురు చెప్పింది. కూతుర్ని గడప దాటనివ్వడం లేదట, కడుపు మీద చెయ్యి వేసి చూడటానికి కూడా భయపడుతోందట. పాపం తగిలిన చెయ్యి కదా అని. నెల్లాళ్ళలో ఆమె సగం మనిషైంది. నేను ఆదివారాలు చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని అందరికోసం ప్రార్థన చేసేవాణ్ణి. చెప్పాల్సిన చోట చెప్పని నోటితో ఎన్ని ప్రార్థనలు చేస్తే ఏం?

కూతురికి నెలలు నిండుతుండగా ఒకరోజు అక్క ఫ్యాక్టరీకి వచ్చింది, తన క్యారేజీ, చెప్పులు తీసుకుపోదామని. భోజనాల వేళ. మేస్త్రీ మిషను నా మీద వదిలి అన్నానికి వెళ్ళాడు. అక్క గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రానంది. నేను ఎడమచెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. అమ్మవారు ఎప్పటిలాగే తెల్లవెలుగులో నిలబడి ఉంది.

"చూడక్కా," అని దీపానికి ఉన్న మర కొంచెం తిప్పాను. దీపం వెలిగే వేళ ఇప్పుడు కాస్త తప్పుతుంది. అమ్మవారు మెల్లగా పైకి జరగడం మొదలుపెట్టింది. ఒకరి వెనక ఒకరు, ఒకే మొహం, పైకి పోతూనే ఉంది. ఇంకొంచెం తిప్పాను. జోరందుకుంది. దీపం పూర్తిగా ఆపేసి ట్యూబులైటు వేశాను. మొహం లేదు, కళ్ళు లేవు, రంగుల చార ఒకటి బుసకొడుతూ రోలర్లలోకి పోతోంది.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. మిషను ఎప్పుడూ ఆగలేదని, ఆ రోజూ నడుస్తూనే ఉందని, ఆ దీపం కింద ఎవరు చూసినా అలాగే కనిపిస్తుందని, దానికి ఒక మూత ఉండేదని.

"అయితే అమ్మవారికి కోపం రాలేదా?"

"రాలేదక్కా."

"నేను తిన్నందుకు కాదా?"

"కాదు."

"పిల్లకేం కాదు కదా?"

"ఏం కాదక్కా. నీ మీద ఏ పాపమూ లేదు."

ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. రెండు నెలల ఏడుపు. ఏడ్చి ఏడ్చి తెరిపిన పడ్డాక, మొహం తుడుచుకుని, సగం వేళ్ళ చేత్తో ఎడమచేతిని కలిపి ఆ రంగుల చారకే దణ్ణం పెట్టింది. నాకు కూడా గుండె మీంచి బండ దిగినట్టయింది. చేసిన తప్పుకి ఎంతో కొంత తీర్చుకున్నాననుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానో.

లేచి చీర సర్దుకుంది. క్యారేజీ ఎడమచేతిలోకి తీసుకుంది. దీపం వైపు చూసింది, దాని పక్కన గోడకి ఆనించి ఉన్న రేకుమూత వైపు చూసింది, తర్వాత నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా ఉంది.

"ఇదంతా నీకు ఎప్పుడు తెలిసింది తమ్ముడూ?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. నీకు జరిగాకే అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె నమ్మేది.

"దీపం బిగించిన రోజే," అన్నాను.

ఆమె పోయిన వేళ్ళ మీదకి కొంగు లాక్కుంది. పెద్దవాళ్ళతోనూ, పరాయివాళ్ళతోనూ మాట్లాడేటప్పుడు వాడే గొంతుతో, నా మొహం చూడకుండా, "వెళ్ళొస్తానండీ," అని గేటు వైపు నడిచింది.